పద్నాలుగు వేల ఫీజు, పద్దెనిమిది లక్షల నోటీసు: ఇండెమ్నిటీ పాలసీతో నా అనుభవం

ఒంగోలు కర్నూలు రోడ్డులో నాది చిన్న స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు. నేను, ఇద్దరు డ్రాఫ్ట్‌మెన్లు. ఇళ్ళు, అపార్టుమెంట్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల షెడ్లు, పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. 2018 జూలై నుంచి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ కడుతున్నాను. ఒకసారి క్లెయిమ్ దాకా వెళ్ళి బయటపడ్డాను. "ఆ పాలసీ పనికొస్తుందా మేడం?" అని మన జిల్లా ఇంజనీర్లు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు, ఆఫీసు పేరు రాయను. నాకు జరిగిన పొరపాటు ఏ ఆఫీసులోనైనా జరగొచ్చు.

పాలసీ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక్క మాట. మన డిజైన్‌లోనో సలహాలోనో పొరపాటు జరిగి, దానివల్ల ఎదుటివాళ్ళకు నష్టం వచ్చి, వాళ్ళు మన మీద పరిహారం అడిగితే, ఆ పరిహారాన్నీ లాయరు ఖర్చునూ ఒక పరిమితి వరకు కంపెనీ భరిస్తుంది. డాక్టర్లు ఎక్కువగా తీసుకునే పాలసీ ఇదే. మా ఏజెంటు కుర్రాడు కూడా మొదట "ఇది డాక్టర్లకి కదా మేడం?" అన్నాడు. అతను రోజూ బండ్ల ఇన్సూరెన్సులు చేసేవాడు. ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు, ఆడిటర్లకు, లాయర్లకు కూడా ఇది ఉంటుందని అతను ఆఫీసులో కనుక్కుని వచ్చేసరికి వారం పట్టింది.

నాచేత ఈ పాలసీ కట్టించింది మా గురువుగారు. సోమశిల పనుల్లో చేసి, ఇరిగేషన్‌లో రిటైరై, ఇప్పుడు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఉంటున్నారు. "అమ్మాయ్, నువ్వు సంతకం పెట్టిన రోజు నిన్నెవరూ పిలవరు. నాలుగేళ్ళ తర్వాత గట్టి వాన పడ్డ రోజు పిలుస్తారు" అన్నారాయన. అప్పటికి నా దగ్గర పొదుపంటూ పెద్దగా లేదు. ఇంటి లోను నడుస్తోంది. ఒక్క కేసు వస్తే ఇల్లు అమ్ముకోవాలన్న భయంతోనే కట్టాను.

మొదటి ఏడాది లెక్క ఇది. ఒక్కో క్లెయిమ్‌కు 50 లక్షలు, ఏడాది మొత్తానికి కోటి. ప్రీమియం 11,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,016, వెరసి 13,216 రూపాయలు. ప్రతి క్లెయిమ్‌లో మొదటి 25,000 నేనే పెట్టుకోవాలి. దాన్ని ఎక్సెస్ అంటారు. ఇప్పుడు అదే కవర్‌కి 20,650 కడుతున్నాను. మన ఫీజు ఆదాయం, చేసే పనుల రకం, ఎంచుకున్న పరిమితి చూసి ప్రీమియం వేస్తారు. ప్రపోజల్ ఫారంలో ఇండస్ట్రియల్ షెడ్లు రాయకపోతే ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. రాయని పని మీద రేపు క్లెయిమ్ వస్తే మొదట తీసేది ఆ ఫారమే.

ఇక అసలు సంగతికి వస్తాను.

2019 ఫిబ్రవరిలో మంగమూరు రోడ్డు వైపు ఒక లేఅవుట్‌లో రిటైరైన మాస్టారి ఇంటికి డిజైన్ చేశాను. గ్రౌండ్, దాని మీద ఒక అంతస్తు. నా ఫీజు 14,000. మా ఒంగోలు నేల సంగతి ఇక్కడ ఇల్లు కట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. నల్లరేగడి వానాకాలం తడిసి ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలు విచ్చి కుంచించుకుపోతుంది. ఈ ఆట పైపైన మాత్రమే కాదు, దాదాపు మూడున్నర మీటర్ల లోతు వరకు సాగుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ ఈ నేల కోసమే అండర్ రీమ్డ్ పైల్స్‌ను, అంటే కింది భాగంలో ఉబ్బెత్తుగా వెడల్పు చేసిన కాంక్రీటు పునాది స్తంభాలను, అభివృద్ధి చేసింది. వాటి పొడవు కనీసం 3.5 మీటర్లు ఉండాలని చెప్పేది అందుకే. ఇవన్నీ నాకు తెలుసు. పది మందికి చెప్పేదాన్ని.

మాస్టారి పక్క ప్లాటుకు అంతకు ముందు ఏడాదే సాయిల్ టెస్ట్ చేయించి ఉన్నారు. అక్కడ 1.8 మీటర్లకే గట్టి మొరం తగిలింది. "పక్కవాళ్ళు చేయించారు గదమ్మా, మళ్ళీ మనకెందుకు ఇంకో పదిహేను వేలు?" అన్నారు మాస్టారు. పెన్షన్ డబ్బుతో కట్టుకుంటున్న ఇల్లు. నేను సరేనన్నాను. రెండు మీటర్ల లోతున విడి ఫుటింగులు, అంటే ఒక్కో పిల్లరుకు ఒక్కో విడి పునాది, ఇచ్చాను. గుంతలు తవ్విన రోజు నేను నెల్లూరులో ఇంకో సైటులో ఉన్నాను. మేస్త్రీ వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. చూసి ఓకే అన్నాను.

ఆ ప్లాటు వాయవ్య మూలన పాత పంటబోదె ఉండేది. లేఅవుట్ వేసినప్పుడు పూడ్చేశారు. ఫోటోలో ఆ గుంత అడుగు కూడా మిగతా వాటిలాగే కనబడింది. నేను వెళ్ళి గడ్డపార గుచ్చి చూసి ఉంటే తెలిసేది. మేస్త్రీని ఏమీ అనను. అక్కడ ఉండాల్సింది నేను.

2021 నవంబరు వానలు గుర్తుండే ఉంటాయి. పెన్నాకు వరద వచ్చి నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాలు కొట్టుకుపోయిన నెల అది. ఇక్కడ మాకు కూడా కుండపోత. డిసెంబరు మొదట్లో మాస్టారు ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే వాయవ్యపు గదిలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు, వేలు పట్టేంత. తలుపు పడటం లేదు. లెవెల్ పెట్టి చూస్తే ఆ మూల 28 మిల్లీమీటర్లు దిగింది. వరండాలో నిలబడి నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. ఆయన భార్య కాఫీ ఇస్తే గొంతు దిగలేదు. "నేను బాగు చేయించి ఇస్తాను మాస్టారూ, మీరు దిగులు పడొద్దు" అని వచ్చేశాను.

మనిషిగా నాకు నోటికి వచ్చిన మాట అది. పాలసీ ప్రకారం మాత్రం అనకూడని మాట. కంపెనీ ముందస్తు అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తామనడం, రాజీ కుదుర్చుకోవడం చేస్తే క్లెయిమ్ కొట్టేయొచ్చని షరతుల్లో స్పష్టంగా ఉంది. ఆ రాత్రి గురువుగారికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రాసిచ్చావా, నోటితో అన్నావా?" నోటితోనే అన్నాను. ఇంకో తప్పు కూడా చేశాను. క్లెయిమ్ రాబోతోందని తెలిసిన వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. నేను చెప్పలేదు. మాస్టారు కేసులకు వెళ్ళే మనిషి కాదు కదా అనుకుని మూడు నెలలు ఊరుకున్నాను.

2022 మార్చిలో లాయరు నోటీసు వచ్చింది. 18 లక్షలు. బెంగళూరులో ఉన్న వాళ్ళబ్బాయి పంపించాడు. మర్నాడే కంపెనీకి తెలియజేశాను: నోటీసు కాపీ, డ్రాయింగులు, వాట్సాప్ మెసేజీలతో సహా. మెసేజీలు దాచాలన్న ఆలోచన రాలేదు, రాకూడదు కూడా. ఏప్రిల్లో జవాబు వచ్చింది. మీ డిజైన్ 2019 ఫిబ్రవరిది, మీ పాలసీలో రెట్రోయాక్టివ్ డేట్ 2020 జూలై 9, కాబట్టి ఈ క్లెయిమ్ మా పరిధిలోకి రాదు అని.

ఇది చదివే ఇంజనీర్లు దయచేసి ఇక్కడ కాస్త ఆగండి. బండి ఇన్సూరెన్సులో యాక్సిడెంటు రోజున పాలసీ ఉంటే చాలు. ఇది అలా కాదు. ఇది క్లెయిమ్స్ మేడ్ పాలసీ. ఎదుటివాళ్ళు పరిహారం అడిగిన రోజున పాలసీ అమల్లో ఉండాలి. మనం ఆ పని చేసిన తేదీ కూడా రెట్రోయాక్టివ్ డేట్ తర్వాతదై ఉండాలి. ఆ డేట్ మామూలుగా మన మొట్టమొదటి పాలసీ మొదలైన రోజు. గడువులోపల రిన్యూ చేస్తూ పోతే అదే డేట్ కొనసాగుతుంది. మధ్యలో తెగిందా, కొత్త పాలసీ కింద లెక్క, పాత సంతకాలన్నీ గాలికి పోయినట్టే. పదేళ్ళు కట్టి పదకొండో ఏడు నెలరోజులు మరిచిపోతే ఆ పదేళ్ళ పనికీ రక్షణ ఉండదు.

నా పాలసీ తెగలేదు. 2020లో కరోనా టెన్షన్‌లో కూడా జూలై 3నే ఆన్‌లైన్‌లో కట్టాను. కానీ ఆ ఏడాది షెడ్యూల్‌లో, అంటే పాలసీ వివరాలన్నీ ఉండే కాగితంలో, రెట్రోయాక్టివ్ డేట్ దగ్గర 2018 జూలై 9కి బదులు 2020 జూలై 9 అని పడింది. 2021లో దాన్నే చూసి మళ్ళీ కొట్టారు. రెండేళ్ళు ఆ కాగితం నా బీరువాలో ఉంది. నేను పేరు, మొత్తం, గడువు చూసి ఫైల్లో పెట్టేశాను. ఒక బీమ్‌లో కడ్డీ డయా తప్పుపడితే పట్టుకునే మనిషిని, నా సొంత పాలసీలో ఒక్క అంకె చూసుకోలేదు.

దాన్ని సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. బ్రాంచిలో మంచిగానే మాట్లాడారు, కానీ "పైనుంచి రావాలి మేడం" అన్నదగ్గరే ఆగింది. 2018, 2019 పాలసీల కాపీలు, కట్టిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ జతచేసి రీజనల్ ఆఫీసు ఫిర్యాదుల విభాగానికి రాశాను. తర్వాత బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ పెట్టాకే కదలిక వచ్చింది. కుదరకపోతే హైదరాబాదులో బీమా ఫిర్యాదులు విని తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్దామని కాగితాలు సిద్ధం చేసుకున్నాను గానీ అవసరం పడలేదు. ఆగస్టులో తేదీ సరిచేస్తూ ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి సవరణ పత్రం, ఇచ్చారు.

ఈలోపు జూన్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు పడింది. ఆ కమిషన్‌లో జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ 45 దాటితే కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. కంపెనీ నిర్ణయం కోసం కూర్చుంటే గడువు పోయేది. నేనే లాయరును పెట్టుకుని 30,000 ఇచ్చాను. తర్వాత అందులో 20,000 మాత్రం తిరిగి ఇచ్చారు, ముందస్తు అనుమతి లేని ఖర్చు అని. ఆ పదివేల మీద నాకు ఇప్పటికీ అసంతృప్తే. వాళ్ళ కాగితం తప్పు వల్ల వచ్చిన ఆలస్యం అది.

ఎండార్స్‌మెంట్ వచ్చాక మాత్రం వ్యవహారం పద్ధతిగా నడిచింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కంపెనీ ప్యానెల్ లాయరు వచ్చారు. సైటు చూడటానికి వచ్చిన ఇంజనీరు గుంత తీయించి చూశారు, బోదె మట్టి బయటపడింది. ఆయన నన్ను దోషిలా చూడలేదు. రిపేరుకు ఏం కావాలో నాతో కూర్చుని లెక్క వేశారు: ఆ మూల మూడు ఫుటింగుల కింద అండర్‌పిన్నింగ్ (పునాదికి కింద నుంచి కొత్త ఆధారం), మైక్రోపైల్స్ (సన్నని, లోతైన కాంక్రీటు స్తంభాలు), గోడల గ్రౌటింగ్ (పగుళ్ళలోకి సిమెంటు పాలు ఎక్కించడం), ఇంటి చుట్టూ నీళ్ళు దిగకుండా ఆప్రాన్ (సిమెంటు పట్టీ). 2023లో మధ్యవర్తిత్వంలో 7,60,000కు రాజీ కుదిరింది. ఎక్సెస్ 25,000 నేను, మిగతా 7,35,000 కంపెనీ. నా ఫీజు 14,000 కూడా మాస్టారికి తిరిగి ఇచ్చేశాను. ఫీజు వాపసు ఈ పాలసీలో రాదు.

డబ్బు కంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. కేసు నడిచినన్నాళ్ళూ మాస్టారితో ఆ విషయం మాట్లాడొద్దని లాయరు చెప్పారు. షరతు అలాంటిది, దానికి కారణమూ ఉంది. కానీ సంతపేట మార్కెట్లో ఆయన ఎదురైతే తల దించుకుని పక్కకు తిరిగిన రోజు నాకు గుర్తుంది. తప్పు చేసినవాళ్ళు "తప్పయింది" అని ఒక్క మాట చెప్పుకునే వీలు ఈ పాలసీల్లో ఉండాలని నా కోరిక. కంపెనీలవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఆ ఒక్కటి ఆలోచించండి.

పాలసీలో రానివి మరికొన్ని ఉన్నాయి. మా ఊళ్ళో చాలామంది ఇంజనీర్లు ప్లాను, డిజైను, కాంట్రాక్టు మూడూ ఒకరే చేస్తారు. ఈ పాలసీ మన సలహా, డిజైన్, పర్యవేక్షణలో పొరపాట్లకు. సిమెంటు తక్కువ కలపడం, పనితనం లోపం దీని కిందకు రావు. కట్టడం జరుగుతుండగా అయ్యే నష్టానికి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అని వేరే పాలసీ ఉంటుంది. కూలీలకు దెబ్బ తగిలితే దానికి వేరే. తెలిసి చేసిన తప్పుకు, జరిమానాలకు ఇది పనికిరాదు. ప్రాణం పోయి భారతీయ న్యాయ సంహిత 106 (నిర్లక్ష్యం వల్ల మరణం) కింద కేసు పెడితే ఆ శిక్షను ఏ బీమా మోయదు. కాంట్రాక్టులో "మొత్తం బాధ్యత నాదే" అని మనమే రాసిచ్చిన హామీలు కూడా బయటే. లాయరు ఖర్చు ఆ 50 లక్షల లోపలిదే, అదనం కాదు. నేను 25 లక్షలు చాలనుకున్నాను మొదట. గురువుగారు వద్దన్నారు, ఆయన మాటే నయమైంది.

రిటైరయ్యేవాళ్ళు కూడా ఆఫీసు మూసిన రోజే పాలసీ ఆపొద్దు. వినియోగదారుల కేసుకు రెండేళ్ళ గడువు నష్టానికి కారణం తలెత్తినప్పటి నుంచి లెక్క, మన సంతకం నుంచి కాదు. ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకు వచ్చిన రెరా చట్టం కింద అపార్టుమెంటు నిర్మాణ లోపాలకు బిల్డరు ఐదేళ్ళు బాధ్యుడు, అతను ఆ భారం మన వైపు తిప్పొచ్చు. పైగా 2025లో రాష్ట్రంలో, ప్లాను నిబంధనల ప్రకారం ఉందని మనమే ధ్రువీకరించే సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి వచ్చాక ప్లాన్ల మీద మన సంతకాలకు బరువు ఇంకా పెరిగింది. 1967 మార్చిలో ఒంగోలుకు భూకంపం వచ్చింది, మా మామగారు ఇప్పటికీ చెబుతారు, వంటింట్లో ఇత్తడి సామానంతా కింద పడిందని. ఈ ఊళ్ళో వేసే ప్రతి పిల్లర్ కింద అది నాకు గుర్తొస్తుంది.

మార్కులు వేయమంటే పాలసీకి ఐదుకు నాలుగు, సర్వీసుకు రెండున్నర. ఆన్‌లైన్‌లో ప్రైవేటు కంపెనీల కొటేషన్లు కూడా చూశాను, కొన్ని చవకే. కానీ మారితే పాత రెట్రోయాక్టివ్ డేట్‌ను ఒప్పుకుంటామని షెడ్యూల్‌లో రాయించుకోవాలి. అక్కడ ఫోన్లో "ఉంటుంది మేడం" అన్నారే గానీ, కాగితం మీద పెట్టలేదు. అందుకే మారలేదు. ఇప్పుడు ప్రతి జూలైలో నేనే ఆఫీసుకు వెళ్ళి కౌంటర్ దగ్గరే షెడ్యూల్ మొత్తం చదివి, తేదీ కింద పెన్సిల్ గీత గీసి తీసుకుంటాను. మొన్నటి రిన్యువల్లో అక్కడి అమ్మాయే ముందుగా "2018 జూలై 9 ఉంది మేడం, చూసుకోండి" అంది.

సాయిల్ టెస్ట్ లేకుండా ఇప్పుడు డిజైన్ ఇవ్వను. క్లయింటుకు మరీ భారమైతే నా ఫీజులో తగ్గించి అయినా టెస్ట్ చేయిస్తాను. పునాది గుంతల రోజు ఏ ఊళ్ళో ఉన్నా వస్తాను.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానలు తగ్గాక మాస్టారింటికి వెళ్ళాను. రిపేరు చేసినప్పుడు ఆ గది గోడల మీద పగులు ఉన్నచోట్ల గాజు ముక్కలు అతికించాం, గోడ కదిలితే గాజు చిట్లుతుంది. ఐదింటికి ఐదూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. "నోటీసు పంపడం నాకు ఇష్టం లేదమ్మా" అన్నారు మాస్టారు, ఇన్నేళ్ళకు. నేను ఆ ఐదు గాజులనూ తేదీ కనబడేలా ఫోటోలు తీసి, ప్రింటు వేయించి, పాలసీ ఫైల్లోనే పెట్టాను.